చెన్నపట్టణం నుంచి కాశికి నూటపది ఆమడలు



ముప్పై మూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. చెప్పిన పాఠాలు చాలామటుకు మరచిపోయాను గాని, చెప్పకుండా దాటవేసిన జవాబులు కొన్ని మాత్రం మరపునకు రావడం లేదు. అటువంటి జవాబు ఒకటి ఈ టపాకు కారణం.

1991లో కాబోలు, ఎనిమిదవ తరగతికి పాఠం చెబుతుండగా 'ఆమడ' అనే మాట వచ్చినది. "ఆమడ యనగా ఎనిమిది మైళ్ళు" అని నల్లబల్ల మీద వ్రాసి ముందుకు పోతున్నాను. వెనుక బల్ల నుంచి ఒక పిల్లవాడు లేచి, "అయ్యవారూ, కాశికి ఎన్నామడలు?" అన్నాడు. "చాలా" అన్నాను. తరగతి అంతా నవ్వినది. వాడు కూర్చోలేదు. "ఎవరు కొలిచారండీ? తాడు పట్టుకొని పోయారా?" అన్నాడు. "కూర్చొని పాఠం విను" అన్నాను. నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి అప్పట్లో నోరు రాలేదు.

నిరుడు కార్తిక మాసంలో మా ఇంటావిడతో కలిసి చెన్నపట్టణం నుంచి కాశికి విమానంలో వెళ్ళాను. టిక్కెట్టు మీద ప్రయాణకాలం రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు అని ఉన్నది. మా పక్క కుర్చీలో ఎనభై ఏళ్ళకు దగ్గరపడిన ఒక పెద్దామె కూర్చున్నది. మనుమడు టిక్కెట్టు కొని ఎక్కించాడట. విమానం దిగువకు వాలుతున్నదని చెప్పగానే, "కాశి వచ్చేసిందా నాయనా? ఇంతేనా?" అని అడిగినది. కొంచెంసేపు కిటికీలోంచి చూచి, "మా అత్తగారు ఇరవై ఏళ్ళు రూపాయి రూపాయి కూడబెట్టుకొని, వెళ్ళకుండానే పోయింది" అన్నది. ఆ 'ఇంతేనా' అన్న మాటకూ, ముప్పై ఏళ్ళనాటి 'ఎన్నామడలు' అన్న మాటకూ కలిపి జవాబు వెతుక్కోవాలనిపించినది.

మొదట మన మాటల సంగతి చూద్దాం. దూరాన్ని చెప్పే మన పాత మాటలన్నీ మనిషి దేహం నుంచో, గొంతు నుంచో, పశువు నడక నుంచో పుట్టినవే. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అన్నవి చేతి కొలతలు. అడుగు కాలి కొలత. కొంచెం దూరమైతే 'కూతవేటు' అంటాం. సంస్కృతంలోని 'క్రోశం' కూడా అదే భావన. 'క్రుశ్' ధాతువునకు అరచుట, పిలుచుట అని అర్థం. ఒకడు కేక వేస్తే మరొకడికి వినబడే దూరం క్రమంగా స్థిరపడి సుమారు రెండు మైళ్ళ కొలత అయి, వాడుకలో 'కోసు'గా నిలిచినది. రెండు క్రోశాలు 'గవ్యూతి'. ఆ మాటలో గోవు ఉన్నది. నాలుగు క్రోశాలు 'యోజనం'. అది 'యుజ్' ధాతువు నుంచి వచ్చినది. ఎడ్లను ఒకసారి కాడికి కట్టి విప్పేలోగా బండి నడిచే దూరమన్నమాట. మన ఆమడ దానికి సాటి. ఇక అరబ్బీ పారశీకాల నుంచి మనకు చేరిన 'మజిలీ' ఒకరోజు నడిచి రాత్రికి దిగే చోటు.

వీటిని గమనిస్తే ఒక విషయం తేటపడుతుంది. ఈ కొలతలలో దూరమూ కాలమూ వేరువేరుగా లేవు. యోజనం అంటే కొంత దూరం, ఎడ్ల ఓపిక ఉన్నంత కాలం కూడా. ఎగుడుదిగుడు దారిలో కోసు కురచ అవుతుంది, చదును నేలమీద సాగుతుంది. ఒక్కొక్క సీమలో కోసు ఒక్కొక్క తీరుగా ఉండడం మనవాళ్ళ అజాగ్రత్త వల్ల జరిగినది కాదు. ఆ కొలత కొలిచినది నేలను మాత్రమే కాదు, నడిచేవాడి శ్రమను కూడా.

ఆ శ్రమ ఎంతటిదో తెలుసుకోవడానికి మనకొక గ్రంథం ఉండనే ఉన్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసినవారు. 1830 మే 18న చెన్నపట్టణంలో బయలుదేరి, కాశీయాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టగా నాలుగు వందల డెబ్బయి మూడు రోజులు వచ్చినవి. వెంట నూరుమంది దాకా పరివారం, పల్లకీ, బోయీలు, డేరాలు. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారి కోరిక మీద దారిపొడుగునా వ్రాసి పంపిన సంగతులే, వీరాస్వామయ్యగారు గతించిన తరువాత 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినవి. దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి 1941లో మళ్ళీ వెలువరించి మనకు మహోపకారం చేశారు.

ఆయన తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరి, అక్కడినుంచి నాగపూరు, జబల్పూరు, ప్రయాగ దాటి కాశి చేరారు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, జగన్నాథం మీదుగా సముద్రతీరం వెంట దిగివచ్చారు. మజిలీ మజిలీకి ఊరెంతటిది, దారి రాతినేలా అడుసా, మంచినీళ్ళు దొరుకుతాయా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటున్నదా అని వ్రాసుకుంటూ పోయారు. తరువాత పోయేవారికి ఉపయోగపడాలన్నదే ఆయన తాపత్రయం. ఈనాటి మనకు అదొక దేశచరిత్ర.

ఆ కాలంలో ఆ దారి క్షేమమైనది కాదు. నాగపూరు, జబల్పూరు ప్రాంతాలు థగ్గులకు పేరుపడినవి. బాటసారులతో స్నేహం కలిపి, రుమాలుతో ఉరిబిగించి చంపి దోచుకునే ముఠాలు అవి. స్లీమన్ దొర ఆ ప్రాంతంలోనే వారిని పట్టే పని సాగించాడు. వీరాస్వామయ్యగారు అంత పరివారంతో బయలుదేరడంలో ఆడంబరం ఏమీ లేదు. ఒంటరిగా పోయినవాడు తిరిగిరాడన్న భయం లోకంలో ఉన్నది. "కాశికి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అన్న సామెత ఊరకే పుట్టలేదు. బయలుదేరేముందు అప్పులు తీర్చి, ఆస్తి అప్పగింతలు చేసి, బంధువులందరి దగ్గరా సెలవు తీసుకొని పోయేవారు.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' తెలియని తెలుగువాడు మన తరంలో అరుదు. మణిసిద్ధుడు కాశికి పోతూ ఒక గోపబాలుణ్ణి తోడుగా తీసుకుపోతాడు. దారిలో మజిలీకొక కథ చెప్పాలన్నది ఆ పిల్లవాడి షరతు. కథలు పన్నెండు సంపుటాలైనవి. కాశి దూరం కాబట్టి కథలు అన్ని పుట్టినవని నా నమ్మకం. రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలలో ఒక్క కథ అయినా సాగేదా అన్నది సందేహమే.

ఇక పిల్లవాడి ప్రశ్నకు వద్దాం. ఎవరు కొలిచారు?

తాడు లేకుండా కొలిచే ఉపాయం మన సిద్ధాంత గ్రంథకర్తలకు తెలుసు. భూమి గోళమని తెలిసిన తరువాత, ఒక ఊరు మరొక ఊరికి ఎంత ఉత్తరంగా ఉన్నదో నీడను బట్టి చెప్పవచ్చు. విషువద్దినాన, అంటే పగలూ రాత్రీ సమానమైన రోజున, పన్నెండంగుళాల శంకువును నిలిపి మిట్టమధ్యాహ్నం దాని నీడను కొలవాలి. ఆ నీడకు 'పలభ' అని పేరు. చెన్నపట్టణంలో అది మూడంగుళాలకు కొంచెం లోపు. కాశిలో సుమారు అయిదు ముప్పాతిక అంగుళాలు. ఈ రెండు నీడల తేడాయే రెండు నగరాల మధ్య ఉత్తర దక్షిణ దూరం. దానిని అక్షాంశాలలోకి మార్చితే పన్నెండు భాగలకు పైగా వస్తుంది. ఆర్యభటుడు ఉజ్జయిని భూమధ్యరేఖ నుంచి భూపరిధిలో పదహారవ వంతు దూరంలో ఉన్నదని చెప్పాడు. అంటే ఇరవై రెండున్నర భాగలు. ఈనాటి కొలతకు ఒక్క భాగ కూడా తేడా రాని గొప్ప లెక్క అది. అయితే నీడ తూర్పు పడమరల దూరాన్ని చెప్పలేదు. దానికి 'దేశాంతరం' కావాలి. రెండు ఊళ్ళలో ఒకే గ్రహణాన్ని ఏ గడియలో చూశారో పోల్చుకుంటే గాని అది తెలియదు. గడియారాలు సరిగా లేని కాలంలో అది కష్టసాధ్యం. పైగా భాగలు తెలిసినా భాగకు ఎన్ని యోజనాలన్న దానిపై ఒక్కొక్క సిద్ధాంతకర్త ఒక్కొక్క లెక్క చెప్పాడు. ఆర్యభటుడి లెక్కలో భూవ్యాసం 1,050 యోజనాలు. భాస్కరాచార్యుల లెక్కలో 1,581. యోజనం ఎంత పొడవన్న చిక్కు మళ్ళీ మొదటికి వచ్చినది.

ఆ చిక్కు విప్పడానికి ఎవరో ఒకరు నేలమీద దిగి కొలవవలసి వచ్చినది. ఆ పని మొదలైన చోటు మా విమానం లేచిన చోటికి కూతవేటు దూరంలో ఉన్నది. మీనంబాకం విమానాశ్రయం పక్కన కనిపించే చిన్న కొండను మనవాళ్ళు పరంగికొండ అంటారు. దొరలకు అది సెయింట్ థామస్ మౌంట్. 1802 ఏప్రిల్ పదవ తేదీన విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి ఆ కొండ పాదం నుంచి దక్షిణంగా ఒక సరళరేఖను కొలవడానికి పూనుకున్నాడు. నూరడుగుల ఉక్కు గొలుసు. ఎండకు ఉక్కు సాగుతుంది కాబట్టి దాన్ని కొయ్యపెట్టెలలో పరచి, పైన నీడ వేసి, ఉష్ణమాపకాలు ఉంచి కొలిచారు. చెన్నపట్టణపు ఏప్రిల్, మే ఎండలు ఎలాగుంటాయో నేను చెప్పనక్కరలేదు. ఏడున్నర మైళ్ళ రేఖ అది. గొలుసును నాలుగు వందలసార్లు పరచి ఎత్తవలసి వచ్చినది. యాభై ఏడు రోజులు పట్టినది.

ఆ ఒక్క రేఖను ఆధారం చేసుకొని, దానిమీద త్రిభుజం కట్టి, ఆ త్రిభుజపు భుజం మీద మరొక త్రిభుజం కట్టి, దేశమంతా అల్లుకుంటూ పోయారు. భుజం ఒకటి, కోణాలు మూడు తెలిస్తే తక్కిన భుజాలు లెక్కలో దొరుకుతాయని మనం హైస్కూలులో చదువుకున్నదే. కోణాలు కొలిచే యంత్రం అరటన్ను బరువు. ఇంగ్లండు నుంచి వస్తుండగా ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్‌కు తీసుకుపోయి, సంగతి తెలిసి తిరిగి పంపారు. దాన్ని కొండల మీదికీ, కొండలు లేనిచోట గోపురాల మీదికీ ఎక్కించేవారు. 1808లో తంజావూరు పెద్దగుడి మీదికి ఎక్కిస్తుండగా మోకు తెగి యంత్రం దెబ్బతిన్నది. లాంబ్టన్ వారాల తరబడి కూర్చొని తానే బాగుచేసుకున్నాడు.

1819లో ఆయన సహాయకుడు ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడుమ నిజాము రాజ్యపు అడవులలో పనిచేస్తుండగా వానాకాలపు జ్వరం తగిలినది. నూటయాభై మంది దాకా పడిపోయారు. కొందరు మరణించారు. తక్కినవారిని తీసుకురావడానికి హైదరాబాదు నుంచి ఏనుగులూ డోలీలూ పంపవలసి వచ్చినది. హిమాలయ శిఖరానికి పెట్టిన పేరు ఈ ఎవరెస్టుదే. ఆయన పేరు ప్రపంచమంతటికీ తెలుసు. ఆ అడవిలో జెండా పట్టుకొని కొండకొమ్మున నిలబడినవాళ్ళ పేర్లూ, గొలుసు మోసినవాళ్ళ పేర్లూ ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవలేదు, పిల్లలకు చెప్పనూ లేదు. లాంబ్టన్ కూడా డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన వయసులో, హైదరాబాదు నుంచి నాగపూరుకు తన మకాం మార్చుకుంటూ 1823 జనవరి 20న దారిలోని హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. సమాధి అక్కడే ఉన్నది. వీరాస్వామయ్యగారు నాగపూరు చేరడానికి ఏడేళ్ళ ముందు మాట ఇది. ఒకరు తీర్థయాత్రకు, ఒకరు కొలతకు ఇంచుమించు ఒకే దారిన నడిచారు.

నాయనా, ఇదీ జవాబు. తాడు కాదు, గొలుసు పట్టుకొని పోయారు. కొందరు తిరిగి రాలేదు.

తరువాతి కథ త్వరగా నడుస్తుంది. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు దక్షిణదేశపు మొదటి రైలుబండి నడిచినది. 1870లో బొంబాయి నుంచి జబల్పూరు, ప్రయాగల మీదుగా కలకత్తాకు రైలుదారి కలిసినది. 1871లో చెన్నపట్టణపు దారి రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసినది. ఆనాటి నుంచి మన యాత్రికుడు రేణిగుంట, కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు పోయి, షోలాపూరు, పూనా చుట్టి, జబల్పూరు మీదుగా గంగ ఒడ్డుకు చేరవచ్చు. ఎంతో చుట్టుదారి, అయినా నెలలు పట్టే ప్రయాణం రోజులలోకి వచ్చినది. కాశి దగ్గర గంగమీద వంతెన 1887లో గాని కాలేదు. అప్పటిదాకా ఈవలి ఒడ్డున దిగి పడవ మీద దాటేవారు. కాజీపేట, బల్హార్షాల మధ్య దారి 1929లో పూర్తికావడంతో నాగపూరు మీదుగా ఉత్తరానికి తిన్నని మార్గం ఏర్పడినది. అది ఇంచుమించు వీరాస్వామయ్యగారి మార్గమే. ఈనాటికీ గంగా కావేరి ఎక్స్‌ప్రెస్సు నాగపూరు, జబల్పూరు దారినే కాశికి పోతుంది. మొన్నమొన్నటిదాకా ఏడవ నెంబరు జాతీయ రహదారి కాశిలో మొదలై జబల్పూరు, నాగపూరు, హైదరాబాదు, కర్నూలు మీదుగా కన్యాకుమారికి పోయేది. 2010లో నెంబర్లు మార్చారు గాని దారి మారలేదు. పాత బాటసారుల అడుగులకు అంత పట్టు ఉన్నది.

రైలు దూరాన్ని తగ్గించడంతోపాటు కాలాన్ని కూడా కలిపినది. పూర్వం ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిది. చెన్నపట్టణం కంటె కాశిలో సూర్యుడు సుమారు పదకొండు నిమిషాలు ముందుగా నడినెత్తికి వస్తాడు. పల్లకీలో పోయేవాడికి ఈ తేడాతో పనిలేదు. రైలుకు పని ఉన్నది. అందుచేత చెన్నపట్టణపు నక్షత్రశాల కాలాన్నే దేశంలోని రైళ్ళకు ప్రమాణంగా వాడారు. కాశి రైలుస్టేషనులో గడియారం చెన్నపట్టణపు మధ్యాహ్నాన్ని చూపేది. 1906 జనవరి 1 నుంచి తూర్పు రేఖాంశం 82½ భాగల కాలం ప్రమాణమైనది. ఆ రేఖ కాశికి పొరుగునే ఉన్న మీర్జాపూరు సమీపంగా పోతుంది. అంటే కొంతకాలం మన మధ్యాహ్నం కాశికి పోయినది, ఆ తరువాత కాశి పొరుగు మధ్యాహ్నం మనకు వచ్చినది. పంచాంగం తిరగవేసేవారికి ఈ ముచ్చట నచ్చుతుందని వ్రాశాను.

ఇప్పుడు విమానం. దీనికి కూడా కాశీయాత్ర దారితోనే సంబంధం. 1911 ఫిబ్రవరి 18న ప్రయాగలో హెన్రీ పెకే అనే ఫ్రెంచి యువకుడు ఆరువేల అయిదు వందల ఉత్తరాలతో యమున మీదుగా నైనీకి ఎగిరాడు. దూరం అయిదారు మైళ్ళే. ప్రపంచంలో అధికారికంగా నడిచిన మొదటి విమాన టపా అదే. మనం ఇష్టంగా వాడుకునే 'టపా' అన్న మాట మొదట మజిలీ మజిలీకి మనుషులు మారుతూ ఉత్తరాల సంచి మోసుకుపోయే ఏర్పాటు పేరు. అది మొదటిసారి రెక్కలు కట్టుకున్నది త్రివేణీసంగమం దగ్గరనే.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా చిన్న విమానంలో ఉత్తరాలు వేసుకొని కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరాడు. అక్కడినుంచి నెవిల్ వింటసెంట్ అందుకొని, బళ్ళారిలో రాత్రి మజిలీ చేసి, మరునాడు చెన్నపట్టణంలో దిగాడు. రేడియో లేదు. కింద కనిపించే నదులనూ రైలు పట్టాలనూ పటంతో పోల్చుకుంటూ ఎగరడమే. ఆ పటం వెనుక లాంబ్టన్ గొలుసు ఉన్నదని వేరే చెప్పాలా? 1949 జనవరిలో రాత్రి విమాన టపా మొదలైనది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, చెన్నపట్టణాల నుంచి నాలుగు విమానాలు అర్ధరాత్రికి నాగపూరులో దిగి, సంచులూ ప్రయాణికులూ మార్చుకొని, తెల్లవారేసరికి తమ ఊళ్ళు చేరేవి. విమానం వచ్చిన తరువాత కూడా నాగపూరు మజిలీయే.

జెట్ విమానంతో ఆ మజిలీ కూడా పోయినది. చెన్నపట్టణం నుంచి కాశికి గోళం మీద తిన్నగా గీసిన రేఖ సుమారు 1,413 కిలోమీటర్లు. రోడ్డు మీద పద్ధెనిమిది వందలకు పైన, రైలు మీద రెండు వేలకు పైన. ఒకే రెండు ఊళ్ళ మధ్య మూడు దూరాలు. విమానం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పోతుంది గదా, గంటా నలభై అయిదు నిమిషాలు చాలవా అని అనుమానం రావచ్చు. ఆ వేగం పైకి చేరిన తరువాతనే. లేచి ఎత్తుకు చేరడానికి ఇరవై నిమిషాలకు పైగా, మళ్ళీ వాలడానికి అంతకంటె కొంచెం ఎక్కువ పడుతుంది. ఆ సమయాలలో వేగం తక్కువ. రన్‌వే దాకా నేలమీద పాకడం కూడా టిక్కెట్టులోని కాలంలో చేరుతుంది. శీతకాలంలో ఉత్తరదేశం మీద చాలా ఎత్తున పడమటి గాలి ఉధృతంగా వీస్తుంది. ఉత్తరానికి పోయే విమానానికి అది ఎదురూ కాదు, వెన్నూ కాదు, పక్కగాలి. గోదావరి దాటే పడవవాడు ఎగువకు ముక్కుపెట్టి నడిపినట్లే విమానం కొంచెం పడమటికి తిరిగి ఎగురుతుంది. దానికి కూడా కొన్ని నిమిషాలు ఖర్చు.

విమానం వారి మైలు వేరు. అది భూపరిధిలో ఒక భాగలో అరవయ్యవ వంతు, 1,852 మీటర్లు. మన జ్యోతిషంలో భాగలో అరవయ్యవ వంతుకు 'కల' అని పేరు. కనుక చెన్నపట్టణం నుంచి కాశికి సుమారు 763 కలలు. యోజనం ఎంత అన్న వివాదం దీనిలో లేదు. పాత సిద్ధాంతకర్తలు చూస్తే సంతోషించేవారు.

లాంబ్టన్ యాభై ఏడు రోజులు కొలిచిన ఏడున్నర మైళ్ళను ఈ విమానం పైన ఎగిరేటప్పుడు ఒక్క నిమిషంలోపు దాటుతుంది. ఈనాడు దానికి దారి చూపేవి ఉపగ్రహాలు, నిజమే. అయినా ఈ దేశాన్ని మొదట పటం మీదికి తిన్నగా ఎక్కించినది నేలమీద నడిచినవారు. ఆ సంగతి తెలిసి కిటికీలోంచి పరంగికొండను చూస్తే కొండ వేరుగా కనబడినది.

పోయిన మజిలీల కోసం విచారించడం మా వయసువాళ్ళకు అలవాటు. నేను ఆ పని చేయదలచుకోలేదు. వీరాస్వామయ్యగారికి నూరుమంది పరివారం, పదిహేను నెలల సెలవు, వాటికి తగిన స్తోమత ఉన్నవి. ఆ పల్లకీ మోసిన బోయీ నాలుగు వందల రోజులు నడిచాడు. ఆయన చూచిన కాశినే అతడూ చూశాడు. అతడు వ్రాసి ఉంటే అది మరొక కాశీయాత్ర చరిత్ర అయ్యేది. మా పక్క కుర్చీలోని పెద్దామె అత్తగారివంటివారికి పల్లకీ కాలంలోనూ కాశి లేదు, రైలు కాలంలోనూ లేకపోయినది. ఆమె కోడలు రెండు గంటలలో వెళ్ళినది. విమానం ఆమెకు పుణ్యం తగ్గించినదని అనడానికి నాకు నోరు రాదు. అయితే ఆమె 'ఇంతేనా' అన్నది సంతోషంతోనో, దిగులుతోనో నాకు తెలియలేదు. రెండూ ఉండవచ్చు.

మరొక చిత్రం. రెండు వందల ఏళ్ళు కష్టపడి దూరాన్ని మైళ్ళలో, కిలోమీటర్లలో ఖచ్చితంగా కొలుచుకున్నాం. ఇప్పుడు కాశి ఎంత దూరమని ఎవరినైనా అడగండి. "రెండున్నర గంటలు" అంటారు. యోజనమూ మజిలీ కూడా అదే పద్ధతి. తిరిగి తిరిగి కాలంతో కొలిచే మాటకే వచ్చాం. ఎడ్ల ఓపిక స్థానంలో ఇంజను ఓపిక వచ్చినది. ఆ రోజు కాశి విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి పాతిక కిలోమీటర్లు రావడానికి మాకు గంటన్నర పట్టినది. ఆ లెక్కన విమానాశ్రయం నుంచి గంగ ఒడ్డు, చెన్నపట్టణం నుంచి కాశికి ఉన్న దూరంలో సగానికి పైనే.

ఇక మిగిలినది గుణకారమే. 1,413 కిలోమీటర్లు అంటే 878 మైళ్ళు. ఎనిమిదింట భాగిస్తే నూటపదికి పిసరంత తక్కువ. ఆ పిల్లవాడికి ఇప్పుడు నలభై అయిదేళ్ళు దాటి ఉంటాయి. నవ్వినవాళ్ళలో ఎవరైనా ఇది చదివితే, వాడు కనబడినప్పుడు చెప్పండి: కాశికి నూటపది ఆమడలు, తిన్నగా పోతే. నడిచిపోతే మరికొన్ని ఎక్కువ. ఆలస్యానికి అయ్యవారిని క్షమించమన్నానని కూడా చెప్పండి.

లెక్కలలో పొరపాట్లుంటే పెద్దలు సవరించగలరు.

స్వస్తి.